ఎండలో పడుకునే చేపలు

జూన్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మాట్లాడితే ఆయాసం పెరుగుతోందని డాక్టర్లు నీ నోటికి తాళం వేసి చేతికి కలం ఇచ్చారు గానీ, నోటితో ఎంత వాగేవాడివో చేత్తోనూ అంతే వాగుతున్నావు. నాలుగు పేజీల్లో మూడు పేజీలు పక్క మంచం ముసలాయన దగ్గు గురించే. సంతోషం. ఇంకొకరిని తిట్టే ఓపిక ఉందంటే మనిషి బాగున్నట్టే.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. లాండ్రీలో పని పెరిగింది. హోటలు దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చి పడుతున్నాయి. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాస్తున్నాయి. మా యజమానురాలు కొత్తగా ఆవిరి ఇస్త్రీ పెట్టె కొంది. అది నా మాటా వినదు, ఆవిడ మాటా వినదు. అచ్చం నీలాగే ఉసూరుమంటూ కూర్చుంటుంది.

అసలు సంగతికి వస్తాను. నీ కూతురు బుల్లి మళ్ళీ పెంచుకోవడానికి ఏదో ఒకటి కావాలని పేచీ పెట్టింది. దాని పేచీ నీకు తెలుసుగా, నోరు తెరిచి అడగదు. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంది. బొచ్చున్నదేదీ మన గుమ్మం దాటకూడదన్న సంగతి దానికి అక్షరాలు రాకముందే వచ్చు. నీ ఊపిరికి పడవని ఈక దిండ్లు కూడా బయట పారేసిన దాన్ని నేను. కాబట్టి ఆలోచించి ఆలోచించి చేపలు తెచ్చాం. రెండు. గాజు తొట్టి ముందుగదిలో పెట్టాం. పెద్దది మహా బద్ధకంది. పొద్దున కిటికీలో ఎండ పడే చోట పడుకుందంటే మధ్యాహ్నం దాకా లేవదు. చిన్నది దాన్ని వదిలి ఒక్క క్షణం ఉండదు. బుల్లి ఇప్పుడు కంచం ఖాళీ చేస్తోంది.

నీ గది తలుపు మూసే ఉంచుతున్నాను. పోయిన నెల పెద్ద డాక్టరు నన్ను తన గదిలోకి పిలిచింది నువ్వు ఊహించుకున్నదానికి కాదు. మందుల సంగతి మాట్లాడాడు, అంతే. ఈ ఆదివారం రాలేను. పని ఉంది.

మందులు దిండు కింద దాచకు, మింగు.

నీ అక్క

జూన్ 17

అక్కా,

నేను చదువు మధ్యలో మానేసిన మాట నిజమే. అయినా చేపలు కిటికీ ఎక్కి ఎండ కాగవని ఆ చదివిన నాలుగు తరగతుల్లోనే చెప్పారు. అవి చేపలా, మొసళ్ళా? కాస్త దగ్గరికెళ్ళి చూడు.

ఇక్కడ కొత్త సంగతులేముంటాయి! పొడుగాటి గది, కిటికీలన్నీ ఒకే వైపు. కిటికీ పక్క మంచం ఖాళీ అయితే అందరం దాని వంక చూస్తాం గానీ ఎవరం అడగం, ఎందుకు ఖాళీ అయిందో తెలుసు కనుక. నా పక్కాయన బస్సు నడిపేవాడట. ఆయన దగ్గితే కారిడార్లో నడిచేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు, అందుకని హారన్ అని పేరు పెట్టాం. నిన్న ఎక్స్‌రే తీసేవాడితో నేనన్నాను, "జాగ్రత్తగా తియ్యి బాబూ, లోపల ఒక పరుపుకి సరిపడా దూది ఉంది" అని. వాడు నవ్వలేదు. పరుపుల పనివాళ్ళని ఎంతమందిని చూశాడో పాపం.

వానలు తగ్గాక ఇంటికి పంపే సంగతి చూస్తామంటున్నారు. ఎవర్నడిగినా అదే మాట. నా పరుపు డాబా మీద ఎండలో వేసి కర్రతో కొట్టించు. ఇంట్లో మాత్రం దులపకు. ఇంకో మాట. నా గది తలుపు మూసి ఉంచుతున్నానని రాశావు. పోయినవాళ్ళ గదులు మూస్తారు అక్కా. నేనింకా ఉన్నాను. తీసి పెట్టు, కాస్త గాలాడనీ.

రెండు ఆదివారాలైంది నువ్వొచ్చి. హారన్‌కి ఎవరూ లేరు కాబట్టి ఎదురుచూపూ లేదు. నేను మాత్రం సందర్శకుల గంట కొట్టినప్పుడల్లా మెడ తిప్పుతున్నాను. బుల్లినైనా తీసుకురా.

తమ్ముడు

జూన్ 28

తమ్ముడూ,

గాజు తొట్టి కిటికీ పక్కనే పెట్టాం. ఎండ తొట్టిలో పడుతుంది. చేప తొట్టిలో ఉంటుంది. అంటే ఎండలో పడుకున్నట్టే కదా? ఇంతమాత్రానికి ఇంత ఆరా ఏమిటి? పరుపులు కుట్టడానికి కాదు, పోలీసు ఉద్యోగానికి పోవలసినవాడివి.

వార్డులో చలిగా ఉంటోందని ఇదివరకు రాశావు. ఈ పొట్లంలో స్వెట్టరు పంపుతున్నాను. నీకు పడదని ఉన్నితో కాకుండా మెత్తటి నూలుతో అల్లాను. ఎడమ చెయ్యి కాస్త పొడుగొచ్చింది, మడిచి వేసుకో. పరుపు ఎండలో వేయించాను. తలుపు సంగతి నువ్వు పట్టించుకోకు, నా ఇంటి తలుపులు నా ఇష్టం.

ఆదివారం సంగతి చూస్తాను. లాండ్రీలో ఇంకో అమ్మాయి మానేసింది.

బుల్లి నాలుగు ముక్కలు రాస్తానంటోంది.

నీ అక్క

నాన్నా, నేను బాగున్నాను. నువ్వు తొందరగా వచ్చెయ్యి. చేపలు బాగున్నాయి. అత్త అలాగే రాయమంది. పెద్ద చేప నిన్న నా చెయ్యి నాకింది. — బుల్లి

జూలై 6

అక్కా,

స్వెట్టరు చేరింది. బాగుంది. వేసుకుని హారన్‌కి చూపించాను, "పెళ్ళికొడుకులా ఉన్నావు" అన్నాడు. కాసేపటికే ఊపిరి అందడం మానేసింది. నర్సమ్మ పరుగున వచ్చి ముక్కుకి మాస్కు పెట్టి, స్వెట్టరు లాగేసి కవరులో కట్టి పట్టుకుపోయింది. ఆవిడ పట్టుకుపోయేలోగా ఒక వెంట్రుక నా వేళ్ళకి దొరికింది.

ఊహ తెలిసిన దగ్గర్నుంచి వేళ్ళతో పోగులు చూసి బతికినవాణ్ణి. పత్తి పోగు నలిపితే మెలి తిరుగుతుంది. బూరుగు దూది నిలవదు, జారిపోతుంది. ఉన్ని ఉంగరం చుట్టుకుంటుంది. ఇది ఏదీ కాదు. తిన్నగా ఉంది, కొసన సూదిలా సన్నబడింది, మొదట్లో తెలుపు, చివర బూడిద రంగు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. నువ్వూ అలాగే ఉన్నావు.

నేను నవ్వులాటకి రాయడం లేదు. పక్కింటి కుక్క మన మెట్ల మీద పడుకుంటే చీపురు పట్టుకుని వీధి చివరదాకా తరిమిన మనిషివి నువ్వు. అలాంటిది నువ్వే పిల్లిని ఇంట్లోకి తెచ్చావంటే దానికి ఒకటే అర్థం. నేను మళ్ళీ ఆ ఇంటికి రానని నీకు తెలుసు. పెద్ద డాక్టరు గదిలో చెప్పింది మందుల సంగతి కాదు. నాతో అననిది నీతో అన్నాడు, మీరిద్దరూ నేను లేని ఇంటికి అప్పుడే అలవాటు పడిపోయారు. గది మూసేశారు. ఆదివారాలు రావడం మానేశారు. నా చోట పిల్లి వచ్చి కూర్చుంది.

నన్ను అడిగి తెచ్చుకుంటే వద్దనేవాణ్ణా? అనేవాణ్ణేమో. అయినా అడగాల్సింది.

ఎంతకాలం అన్నాడు? అది రాయి. లాండ్రీ సంగతులు రాయకు.

జూలై 13

తమ్ముడూ,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను. అడిగావు కనుక రాస్తున్నాను.

నీ ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయన్నాడు. మందులతో ఆయాసం అణచడమే గానీ జబ్బు వెనక్కి పోదన్నాడు. ఈ ఏడాది దాటితే సంతోషమన్నాడు. ఆ మాట ఒక్కదాన్నే మింగి కూర్చున్నాను. బుల్లికి చెప్పలేదు, ఒట్టు. నీకూ చెప్పలేకపోయాను. ఏ మొహంతో చెప్పను? నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని.

పిల్లుల సంగతి మాత్రం నువ్వనుకున్నది కాదు. అవును, రెండు. ఒక్కటే కాదు.

నువ్వు ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి బుల్లికి నిద్ర లేదు. వాళ్ళమ్మ పోయిన నాటి నుంచీ నీ పక్కలోనే పడుకున్న పిల్ల. నా పక్కలో వేసుకున్నాను, జోకొట్టాను, తిట్టాను కూడా. కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఎండాకాలం సెలవులకి ముందు, బళ్ళో బల్ల మీద తల వాల్చేస్తోందని టీచరమ్మ కబురు పెట్టింది. "ఎందుకే నిద్రపోవు" అంటే చెప్పదు. ఆ మొండితనం నీదే.

మా లాండ్రీ వెనక వీధిలో దిక్కులేని జంతువుల్ని ఉంచే షెడ్డు ఉంది. వాళ్ళ పాత గుడ్డలు మేమే ఉతుకుతాం. మూట ఇచ్చి రావడానికి వెళ్తూ బుల్లిని వెంట తీసుకెళ్ళాను. తెచ్చుకోవడానికి కాదు, చూసైనా సరదా పడుతుందని. బోనులు వరసగా ఉన్నాయి. ముందు బోనుల్లో కూనలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. వచ్చిన పిల్లలంతా అక్కడే మూగారు. నీ కూతురు వాటి మొహం కూడా చూడలేదు. చిట్టచివరి బోను ముందు చతికిలబడింది. అందులో ఒక ముసలి బూడిదరంగు పిల్లి, ఒక చెవి చిరిగింది. దానికి ఊపిరి సరిగా ఆడదు. లోపలికి తీసినా బయటికి వదిలినా ఒకటే గురగుర. "అది వద్దమ్మా, ముసలిది, రొమ్ము జబ్బు కూడా ఉంది, ఎవరూ తీసుకోరు" అంది షెడ్డు చూసుకునే ఆవిడ. బుల్లి బోనుకి చెవి ఆనించి కూర్చుని, "అత్తా, నాన్న" అంది.

నేనూ వంగి విన్నానురా, అచ్చం నీ ఊపిరే. నీ పిల్లికూతలకి దాని నిద్ర చెడుతుందని నువ్వు గోడవైపు తిరిగి, మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని పడుకునేవాడివి. అది ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది. ఆ చప్పుడు లేకే దానికి నిద్ర లేదు. ఈ సంగతి నీకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

రెండోది ముసలిదాని జత. విడదీస్తే ముసలిది తిండి మానేస్తుందని ఆవిడ అంటే దాన్నీ తెచ్చాం. తెచ్చిన మర్నాడు బుల్లి పొద్దెక్కేదాకా పడుకుంది. నేను లేపలేదు, పనికి ఆలస్యంగా వెళ్ళాను.

నీ గది తలుపు మూసింది అవి లోపలికి పోకుండా. గుమ్మం కింద తడిగుడ్డ కూడా పెడుతున్నాను. డాక్టరు ఏమన్నా సరే, నువ్వు వస్తే పడుకోవడానికి ఆ ఒక్క గదైనా శుభ్రంగా ఉండాలని. ఆదివారాలు ఎందుకు రాలేదంటావు. ఎంత దులుపుకున్నా నా ఒంటి నిండా వెంట్రుకలే, నీ దగ్గరికి ఎలా రాను? స్వెట్టరు కూడా ఎన్నిసార్లు దులిపానో. అయినా నా చేతుల్తో అల్లిందే నీకు ఆయాసం తెచ్చింది. దానికి నన్ను క్షమించు. మిగతావాటికి క్షమించక్కర్లేదు.

నీ అక్క

జూలై 24

అక్కా,

నీ ఉత్తరం చదివాక హారన్ నా మొహం చూసి, "ఇంటి దగ్గర ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "ఇంకా లేదు, నేనే పోవాలి" అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఇద్దరికీ దగ్గు తెర వచ్చింది. నర్సమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నీ మీద కోపం పోయింది. పిల్లి మీద మాత్రం ఉంది. దానికీ నా జబ్బే, అయినా దాన్ని ఎవరూ ఆసుపత్రిలో పడెయ్యలేదు. హాయిగా నా కూతురి పక్కలో పడుకుంటోంది. చూడు, చివరికి ఎవరి మీద కుళ్ళుకునే స్థితికి వచ్చానో.

ఇన్నేళ్ళూ ఆ గుడ్డ మూతికి నొక్కుకుని, ఊపిరాడక, పిల్ల లేస్తుందేమోనని భయపడుతూ పడుకున్నాను. నాకు ఏడుపొస్తోంది. అంతే, ఇంకేం రాయను దాని గురించి.

ముసలిదాన్ని గచ్చు మీద పడుకోనివ్వకు. అటక మీద నేను పరుపుల కొట్టు నుంచి తెచ్చిన ముక్కలున్నాయి. పత్తివి తియ్యి, బూరుగు దూది వద్దు, దాని రేణువు ఊరికే లేస్తుంది. ఒకవైపు అంచు ఎత్తుగా కుట్టు. తల ఎత్తులో ఉంటే ఊపిరి తేలికగా ఆడుతుంది. కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యి, నీ చేతి కుట్టు నాకు తెలుసు, బారెడు దూరం వేస్తావు.

బుల్లి ఇంకా బాగా నిద్రపోతోందా?

తమ్ముడు

ఆగస్టు 6

తమ్ముడూ,

గబగబా రాస్తున్నాను. పెద్ద డాక్టరు లాండ్రీకి ఫోను చేశాడు. ఇక ఆసుపత్రిలో చేసేది ఏమీ లేదు, ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంటే మనిషికి ప్రశాంతం, తీసుకెళ్ళండి అన్నాడు. ఆక్సిజన్ సిలిండరు వాళ్ళే ఇస్తారట. ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉంటే ఇంటికి పంపడం కుదరదట. లేవన్నాను.

లేకుండా చేస్తాను. షెడ్డు ఆవిడతో మాట్లాడాను, వెనక్కి తీసుకుంటానంది. ఈ వయసులో వాటిని ఇంకెవరూ తీసుకెళ్ళరు, బోనులోనే ఉండిపోతాయి అని కూడా అంది. ఉండనీ. నాకు తమ్ముడి కంటే పిల్లులు ఎక్కువా? పరదాలు, దుప్పట్లు అన్నీ లాండ్రీలో వేడినీళ్ళలో వేయించాను. ముందుగది రెండుసార్లు కడిగాను. చాపలు పారేశాను. యజమానురాలు సెలవిచ్చింది, రోజు నువ్వే చెప్పు, వచ్చి తీసుకొస్తాను.

పిల్లుల్ని పంపేస్తున్నానని బుల్లికి ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తున్నావని మాత్రం చెప్పాను. చెప్పగానే పరిగెత్తి వెళ్ళి ముందు ఆ ముసలిదానికే చెప్పింది. "నాన్న వస్తున్నాడు, నువ్వు కాస్త జరగాలి" అని. నేను వంటింట్లోకి పోయి పంపు తిప్పి, చప్పుడు వినబడకుండా ఏడ్చాను.

జవాబు వెంటనే రాయి.

నీ అక్క

ఆగస్టు 11

అక్కా,

నేను రాను.

డాక్టరు నా మంచం దగ్గరికి కూడా వచ్చాడు. ఇక్కడే ఉంటానని చెప్పేశాను. కిటికీ పక్క మంచం ఇమ్మని అడిగాను, ఇచ్చారు.

ఇంటికి రావాలని లేక కాదు. నువ్వు వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తుంటే విసుక్కోవాలని ఉంది. నా గదిలో నా పరుపు మీద పడుకోవాలని ఉంది. బుల్లిని పక్కన వేసుకుని ఒక్క రోజు పడుకుంటే చాలని ఉంది. ఎంత ఉందో నేను రాయలేను, నువ్వు చదవలేవు.

కానీ ఆలోచించు. నేను వస్తే పిల్లులు పోతాయి. కొన్నాళ్ళకి నేనూ పోతాను. అప్పుడు దానికి ఏం మిగులుతుంది? మళ్ళీ పైకప్పు చూస్తూ పడుకుంటుంది. పోయేవాణ్ణి ఊరికే పోకుండా దాని నిద్ర కూడా పట్టుకుపోయినట్టు అవుతుంది. నేను ఇక్కడే ఉంటే అది ఒక్కసారే పోగొట్టుకుంటుంది, అదీ పక్కన ఏదో ఒకటి వెచ్చగా ఉండగా.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ సంగతి దానికి ఎప్పుడూ చెప్పకు, పెద్దయ్యాక కూడా. డాక్టర్లు వదల్లేదని చెప్పు. పిల్లుల కోసం నాన్న రాలేదని ఒక్కనాడు తెలిసినా అది మళ్ళీ వాటిని ముట్టుకోదు. తనని తాను కూడా క్షమించుకోదు. నేను ఇక్కడ ఉండిపోయిందంతా దండగ అవుతుంది.

నువ్వు వాదిస్తావని తెలుసు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉన్నావు. ఈసారికి మూడే అని ఒప్పుకో.

తమ్ముడు

ఆగస్టు 17

తమ్ముడూ,

నిన్ను తిడుతూ ఉత్తరాలు రాసి రాసి చించేశాను. చివరికి లేచి వెళ్ళి షెడ్డు ఆవిడకి పిల్లుల్ని పంపడం లేదని చెప్పి వచ్చాను.

డాక్టర్లు నాన్నని వదలడం లేదని బుల్లికి చెప్పాను. తల వంచుకుని వింది. కాసేపు దుప్పటి అంచు మెలి పెట్టింది. తర్వాత, "అత్తా, పిల్లుల్ని ఇచ్చేస్తే వదుల్తారా?" అంది. నేను ఎవరివో బట్టలు మడత పెడుతున్నాను. దాని వైపు చూడకుండా, "లేదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను. నమ్మింది. నమ్మి, ముసలిదాన్ని ఒళ్ళోకి లాక్కుని, దాని వీపులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయింది. నువ్వు చెప్పింది సరైనదే అని అప్పుడు నాకు అర్థమైంది. అయినా నిన్ను ఈ జన్మకి క్షమించను.

ఆదివారం వస్తున్నాం. ఇద్దరికీ ఒక్కో జత బట్టలు లాండ్రీలోనే ఉతికి, ఇస్త్రీ చేసి, సంచి మూతి కట్టి అక్కడే ఉంచాను, ఇంటికి తేలేదు. పొద్దున్నే లాండ్రీలో దానికి తలంటి, నేనూ స్నానం చేసి, ఆ బట్టలు కట్టుకుని అట్నుంచటే బస్సెక్కుతాం. ఒక్క వెంట్రుక కూడా ఉండదు, యజమానురాలు అద్దాలు పెట్టుకుని వెతుకుతానంది.

నర్సమ్మకి ఫోను చేసి మాట్లాడాను. మధ్యాహ్నం రోగులు కునుకు తీసే వేళ బుల్లిని నీ మంచం మీద పడుకోనిస్తానంది. ఎంతసేపు పడుకుంటే అంతసేపు. నేను కుర్చీలో కూర్చుంటాను.

ఆ వేళ నువ్వు గోడవైపు తిరగకు. మూతికి గుడ్డ పెట్టుకోకు. దాన్ని విననీ.

నీ అక్క